ఐ.సి.యు. తలుపు దగ్గర మనస్సాక్షి



విచారణ గురువులను విశ్వాసులు అడిగే ప్రశ్నల్లో కొన్ని పదిమందిలో అడిగేవి కావు. “ఫాదర్ గారూ, వెంటిలేటర్ తీసేయమని మేమే సంతకం పెట్టాం. మా నాన్నను మేమే చంపుకొన్నట్టా?” అని కొందరు గొంతు తగ్గించి అడుగుతారు. మరికొందరి బాధ దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. “డాక్టర్లు చెప్పిందల్లా చేయించాం ఫాదర్. ఉన్న ఎకరం అమ్మేశాం. ఇరవై రోజులు ఒంటినిండా గొట్టాలతో ఉంచి సాగనంపాం. అమ్మను అంత బాధపెట్టడం పాపమా?”

మొదటివారు తక్కువ చేశామని కుములుతున్నారు, రెండవవారు ఎక్కువ చేశామని కుములుతున్నారు. ఇద్దరి ప్రశ్నా ఒక్కటే. మనవాళ్ళ ప్రాణం కోసం ఎంతవరకు పోరాడాలి, ఎక్కడ ఆగాలి? ఈ ప్రశ్న ఏదో ఒక రోజు మన ప్రతి ఇంటికీ వస్తుంది. అది వచ్చేది కూడా నిద్రలేని రాత్రి, ఆసుపత్రి వరండాలో, చేతిలో ఒక కాగితం పెట్టి “త్వరగా చెప్పండి” అని అడిగే వేళ. అందుకే ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే దీన్ని ఆలోచించుకోవడం మంచిది.

ఆ తలుపు వెనుక ఏముంది?

ఐ.సి.యు. అనే మాట తెలియని పల్లె ఇప్పుడు లేదు. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వచ్చి వెంటిలేటర్, ఆక్సిజన్ శాతం అనే మాటలను చిన్నపిల్లల నోటికి కూడా అలవాటు చేసింది. కాని లోపల ఏం చేస్తారో తెలిసినవారు తక్కువ. తెలియనిచోట భయమైనా పుడుతుంది, లేనిపోని ఆశయినా పుడుతుంది. రెండూ మంచి నిర్ణయానికి అడ్డే.

ఈ వైద్యం పుట్టిన కథ తెలుసుకోదగినది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విపరీతంగా వ్యాపించింది. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడి రోగులు శ్వాస అందక చనిపోతున్నారు. ఆ ఆగస్టు నెలలో బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు పన్నెండేళ్ళ బాలికకు గొంతు దగ్గర రంధ్రం చేయించి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆ బాలిక బతికింది. తగినన్ని యంత్రాలు లేనందున సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చుని, రాత్రింబవళ్ళు ఆ సంచులు నొక్కారు. ఎందరో బతికి బయటపడ్డారు. మరుసటి సంవత్సరం అదే నగరంలో, ప్రాణాపాయంలో ఉన్నవారందరినీ ఒకేచోట ఉంచి కనిపెట్టుకొని చూసే ప్రత్యేక వార్డును ఇబ్సెన్ ప్రారంభించాడు. యంత్రాలు నిండిన నేటి ఐ.సి.యు. మొదట్లో పక్కన కూర్చున్న మనిషి చేతితో నడిచిందన్న సంగతి మనం మరచిపోకూడదు.

ఇప్పుడు లోపల కనిపించేవి ఇవి. నోటి ద్వారా శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలుపుతారు. ఆ గొట్టం మాట పుట్టే చోటు గుండా వెళ్తుంది కనుక రోగి మాట్లాడలేడు. దాన్ని ఓర్చుకోవడానికి మత్తు ఇస్తారు. మెడ దగ్గర పెద్ద సిరలోకి సన్నని గొట్టం వేసి, పడిపోయిన రక్తపోటును నిలబెట్టే మందులను చిన్న పంపుల ద్వారా లెక్కగా ఎక్కిస్తారు. ముక్కు ద్వారా కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబులో ద్రవాహారం పోస్తారు. మూత్రం గంటకు ఎంత వస్తున్నదో కొలుస్తారు, ఎందుకంటే కిడ్నీల సంగతి ముందుగా చెప్పేది అదే. అవి పనిచేయకపోతే డయాలసిస్ పెడతారు. తల దగ్గర తెర మీద గుండె వేగం, రక్తపోటు, ఆక్సిజన్ శాతం కదులుతూ ఉంటాయి. అది మోగిన ప్రతిసారీ ప్రాణం పోతున్నదని బెంబేలు పడనక్కరలేదు. వేలికి పెట్టిన క్లిప్పు జారినా అది మోగుతుంది.

చేతులు మంచానికి కట్టి ఉండడం చూసి ఇంటివాళ్ళు తల్లడిల్లుతారు. మగతలో గొట్టం పీకేసుకుంటారేమోనని అలా కడతారు. ఎందుకు కట్టారో, ఎప్పుడు విప్పుతారో అడిగే హక్కు మీకుంది. కొందరు రోగులు కన్నకొడుకును గుర్తుపట్టరు. నర్సులు తనను చంపబోతున్నారని అంటారు. జబ్బు, మందులు, రాత్రీ పగలూ తేడా తెలియని వెలుతురు, నిద్రలేమి కలిసి తెచ్చే ఈ మతిభ్రమను వైద్యులు డెలీరియం అంటారు. చాలామందిలో జబ్బు తగ్గేకొద్దీ ఇదీ తగ్గిపోతుంది. ఆ సమయంలో తెలిసిన గొంతు వినిపించడం, కళ్ళజోడు పెట్టడం, “ఇవాళ మంగళవారం, పొద్దున్నే వచ్చాను నాన్నా” అని చెప్పడం కూడా వైద్యంలో భాగమే.

అవతలి ఒడ్డు ఉన్న వంతెన

ఇన్ని యంత్రాలున్నా వాటిలో ఏదీ జబ్బును నయం చేయదు. ఈ మాట జాగ్రత్తగా గమనించండి. వెంటిలేటర్ న్యుమోనియాను తగ్గించదు. మందులూ, శరీరమూ కలిసి న్యుమోనియాను తగ్గించేదాకా అది ఊపిరిని మోస్తుంది. డయాలసిస్ కిడ్నీని బాగుచేయదు, కిడ్నీ కోలుకునేదాకా దాని పని తాను చేస్తుంది. ఐ.సి.యు. ఒక వంతెన. వంతెనకు అవతలి ఒడ్డు ఉండాలి.

మన పొలాల్లో కట్లపాము కరిచినవాని సంగతి చూడండి. విషం నరాలకు పట్టి రెప్పలు వాలిపోతాయి. కండరాలు చచ్చుబడతాయి, ఊపిరి ఆగుతుంది. చూసేవారు “పోయాడు” అనేస్తారు. నిజానికి లోపల అతనికి తెలివి ఉండవచ్చు, మాటలన్నీ వినపడుతూ ఉండవచ్చు. సమయానికి వెంటిలేటర్ మీద పెట్టి కొన్ని రోజులు ఓపిక పడితే విషం ప్రభావం తగ్గి లేచి కూర్చునేవారు ఎందరో. క్షణికావేశంలో పురుగుమందు తాగినవారు, పెద్ద ప్రమాదంలో దెబ్బలు తగిలినవారు, ప్రసవ సమయంలో రక్తం పోయిన తల్లులు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో రక్తపోటు పడిపోయినవారు కూడా ఇలా తిరిగి వచ్చేవారే. అటువంటివారికి ఐ.సి.యు. వద్దనడం, “ఎందుకులే, ఖర్చు దండగ” అనడం తప్పు. వారి వంతెనకు అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంది.

ఒళ్ళంతా పాకిన క్యాన్సర్‌తో ఏ మందుకూ లొంగని స్థితికి వచ్చినవారికి, ఎనభై దాటి గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఒకదాని వెంట ఒకటి అలసిపోయినవారికి అదే వెంటిలేటర్ వేరే పని చేస్తుంది. అవతలి ఒడ్డు లేని వంతెన మీద వారిని నిలబెట్టి ఉంచుతుంది. మరణాన్ని ఆపలేదు, మరణించే సమయాన్ని సాగదీస్తుంది. యంత్రం అదే, గొట్టం అదే, బిల్లు అదే. మారింది మనిషి స్థితి. కాబట్టి “వెంటిలేటర్ మంచిదా, చెడ్డదా?” అన్న ప్రశ్నకు జవాబు లేదు. “ఈ మనిషికి, ఈ స్థితిలో, ఇది మేలు చేస్తుందా?” అన్న ప్రశ్నకు జవాబు ఉంది.

తిరుసభ ఎప్పటినుండో చెబుతున్నది

ఈ ఆలోచన యంత్రాలు వచ్చాక పుట్టినది కాదు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు సలమంకా విశ్వవిద్యాలయంలో బోధించిన దొమినికన్ గురువు ఫ్రాన్సిస్కో దె విటోరియా ఈ ప్రశ్నను తిండి విషయంలో ఎత్తారు. ప్రాణం దేవుని వరం కనుక తిని బతకడం మనిషి ధర్మం. అయితే ఖరీదైన ప్రత్యేక ఆహారం తింటేనే ఎక్కువ కాలం బతుకుతావని వైద్యుడు చెప్పినా, దాన్నే తిని తీరాలన్న బాధ్యత లేదన్నారు ఆయన. అందరూ మామూలుగా తినేది తింటే చాలు. ముద్ద మింగడమే నరకయాతన అయిన రోగి తినలేకపోతే అది పాపం కాదన్నారు. అదే శతాబ్దం చివర దొమింగో బానెజ్ అనే మరో దొమినికన్ గురువు ఈ తేడాకు పేర్లు పెట్టారు: సాధారణ సాధనాలు, అసాధారణ సాధనాలు. మొదటివి వాడడం మన బాధ్యత. రెండవవి వాడుకోవచ్చు, కాని తప్పనిసరి కాదు.

ఈ మాటల్ని యంత్రాల జాబితాగా అర్థం చేసుకోకూడదు. 1846లో ఈథర్ మత్తు వాడుకలోకి రాకముందు కాలు కోయించుకోవడం భరించరాని హింస. అది అసాధారణ సాధనమని, రోగి వద్దనవచ్చని నాటి నీతిశాస్త్ర పండితులు చెప్పేవారు. ఇవాళ అదే శస్త్రచికిత్స సర్వసాధారణం. కొలబద్ద మారలేదు, పరిస్థితి మారింది. ఆశించే మేలు ఎంత, మోయవలసిన భారం ఎంత అన్న రెండింటినీ ఈ రోగి విషయంలో తూచి చూడాలన్నదే ఆ కొలబద్ద.

వెంటిలేటర్ గురించి నేరుగా జవాబు వచ్చింది 1957లో. ఆ సంవత్సరం నవంబరు 24న 12వ పయస్ పోపు గారు మత్తు వైద్యుల ప్రశ్నలకు సమాధానమిచ్చారు. మనిషి, చోటు, కాలం, పరిస్థితులను బట్టి తనకు గాని ఇతరులకు గాని మోయరాని భారం కాని సాధనాలు వాడడమే బాధ్యత అని, ఆశ లేని స్థితిలో శ్వాసయంత్రాన్ని ఆపడం ప్రాణహత్య కాదని ఆయన స్పష్టం చేశారు. 1980లో విశ్వాస సిద్ధాంత సంఘం ఇచ్చిన ప్రకటన, 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం, 1995లో పునీత రెండవ జాన్ పాల్ పోపు గారు జీవపు విలువపై రాసిన విశ్వలేఖ, 2020లో వాటికన్ ఇచ్చిన మంచి సమరీయుని లేఖ కూడా ఇదే దారిలో నడిచాయి. ప్రాణం తీయడం ఎన్నటికీ తగదు. ఫలితంలేని చికిత్సతో మరణాన్ని సాగదీయవలసిన పనీ లేదు.

చంపడానికీ, పోనివ్వడానికీ తేడా ఏమిటి?

ఇక్కడ ఆలోచనాపరులు ఒక ఆక్షేపణ తెస్తారు. “ఇంజెక్షన్ ఇచ్చినా చనిపోతాడు, వెంటిలేటర్ తీసినా చనిపోతాడు. ఫలితం ఒకటే కదా? మాటల గారడీ తప్ప తేడా ఏముంది?”

తేడా ఉంది. దీపం రెండు విధాలుగా ఆరుతుంది. ఒకరు నోటితో ఊదేస్తే ఆరుతుంది, నూనె అయిపోతే ఆరుతుంది. గదిలో చీకటి ఒకటే అయినా ఊదినవాని పని, నూనె అయిపోయిన ప్రమిద పక్కన కూర్చున్నవాని పని ఒకటి కావు. విషపు ఇంజెక్షన్ ఇస్తే చావుకు కారణం ఆ ఇంజెక్షన్. ఫలితంలేని యంత్రాన్ని తీసివేస్తే చావుకు కారణం ఆ జబ్బే. యంత్రం తీసిన చెయ్యి జబ్బుకు దారి వదిలింది, అంతే.

దీనితోపాటు ఉద్దేశాన్ని కూడా చూడాలి. ఉద్దేశం కంటికి కనిపించదు కనుక మనల్ని మనం పరీక్షించుకోవడానికి ఒక ప్రశ్న చెబుతాను. యంత్రం తీశాక ఆయన తనంతట తాను ఊపిరి తీసుకొని ఇంకో నెల బతికాడనుకోండి. మీకు సంతోషమా, విసుగా? “దేవునికి స్తోత్రం, ఉన్నన్నాళ్ళు చూసుకుందాం” అనిపిస్తే మీరు వదులుకున్నది భారమైన చికిత్సను మాత్రమే. “అయ్యో, పని కాలేదే” అనిపిస్తే మీరు కోరుకున్నది అతని చావును. ఆస్తి పంపకం కోసమో, సేవ చేయలేని విసుగుతోనో కోలుకోగల మనిషిని ఇంటికి తెచ్చేసేవారికి ఈ వ్యాసంలో ఊరట లేదు. పైకి ఒకేలా కనిపించే సంతకం ఒక ఇంట్లో ప్రేమ కావచ్చు, మరో ఇంట్లో ద్రోహం కావచ్చు.

అందుచేత, వైద్యులు ఆశ లేదని నిజాయితీగా చెప్పాక, ఏడుస్తూ సంతకం పెట్టిన బిడ్డలారా, మీ నాన్నను మీరు చంపలేదు. ఆ దోషం మీ మీద వేసుకోకండి. అమ్మ బతుకుతుందని నమ్మి ఉన్నదంతా ఊడ్చి వైద్యం చేయించినవారలారా, మీరు చేసినదీ పాపం కాదు. ఆశ ఉన్నంతవరకు మీరు ప్రేమతో పోరాడారు. ఆశ లేదని తెలిసిన తరువాత కూడా కేవలం జనం కోసం సాగదీయడం గురించే మనం ఆలోచించుకోవాలి.

మనల్ని తొందరపెట్టే మూడు మాటలు

“జనం ఏమంటారు?” అన్నది మొదటి మాట. పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళలేదంటారు, డబ్బుకు చూసుకున్నారంటారు. బతికుండగా తల్లికి వారానికోసారి ఫోను చేయనివారు చివరి వారంలో లక్షలు పోసి రుణం తీర్చుకోవాలని చూడడం మనకు కొత్త కాదు. తల్లి చేతికి సూదులు గుచ్చి తీర్చుకోగల రుణం కాదది. విమర్శించే జనం ఆ మంచం మీద లేరు, బిల్లూ కట్టరు.

“పెద్దబ్బాయి అమెరికా నుంచి వచ్చేదాకా ఉంచండి” అన్నది రెండవ మాట. ఇది మన తెలుగు ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. దూరాన ఉన్న బిడ్డ వచ్చి కడసారి చెయ్యి పట్టుకోవడానికి, రోగికి బాధ లేకుండా చూస్తూ, ఒకటి రెండు రోజులు ఆగడంలో తప్పులేదు. కుటుంబం వీడ్కోలు చెప్పుకోవడం కూడా మేలే. వీసా కోసం, సెలవు కోసం వారాల తరబడి ఆ శరీరాన్ని యంత్రాలకు అప్పగించి ఉంచడం మాత్రం బిడ్డ ఊరట కోసం తండ్రిని వాడుకోవడమే అవుతుంది.

మూడవది డబ్బు. దీని గురించి మాట్లాడడానికి మనకు సిగ్గు. పోపు గారు 1957లో భారం అన్నప్పుడు ఇతరుల మీద పడే భారాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారని గుర్తుంచుకోండి. మనవరాలి చదువు ఆపి, ఇల్లు తాకట్టు పెట్టి, ఆశ లేని చికిత్సకు అప్పు తేవలసిన బాధ్యత ఎవరి మీదా లేదు. ఏ తండ్రీ అది కోరడు. అయితే కోలుకోగల పేదవాడు డబ్బు లేక చనిపోతే అది దైవచిత్తమని చేతులు దులుపుకోవడం తగదు. అది మన అన్యాయం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు వర్తిస్తాయేమో చేర్చిన రోజే అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పడక దొరుకుతుందేమో విచారించండి. అటువంటి సమయంలో విచారణలోని విన్సెంట్ డి పాల్ సంఘం, తక్కిన కుటుంబాలు ముందుకు రావాలి. పదివేల రూపాయలకంటే ఒక్కోసారి రాత్రి కాపలాకు వచ్చే మనిషి ఎక్కువ సాయం.

ఎన్నటికీ ఆపకూడనివి

చికిత్స ఆపవచ్చు గాని సేవ ఆపకూడదు. మన దగ్గర జరిగే పెద్ద లోపం ఇక్కడే ఉంది. “ఇంక లాభం లేదు, తీసుకెళ్ళిపోండి” అన్న మాటతో, వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకువెళ్తున్నామని రాసి ఇచ్చి, ఆయాసపడుతున్న మనిషిని అంబులెన్సులో ఇంటికి చేరుస్తారు. నొప్పికి మందు ఉండదు, ఆయాసానికి ఉపశమనం ఉండదు. ఎవరికి ఫోను చేయాలో తెలియదు. వైద్యాన్ని ఆపే పేరుతో మనిషిని వదిలేయడమే ఇది.

నొప్పి తగ్గించడం ఎప్పుడూ బాధ్యతే. మార్ఫిన్ ఇస్తే ప్రాణం పోతుందని కొందరు భయపడతారు. సరైన మోతాదులో, తెలిసినవారి చేతిలో అది సురక్షితమైన మందు. నొప్పి తగ్గించడమే ఉద్దేశమైతే, దానివల్ల ఆయుష్షు కొంత తగ్గే అవకాశమున్నా వాడవచ్చని 12వ పయస్ పోపు గారే 1957 ఫిబ్రవరిలో చెప్పారు. మార్ఫిన్ దొరకడంలో ఉన్న చిక్కులు తగ్గించడానికి మన దేశంలో 2014లో చట్టాన్ని సవరించారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో బాధా నివారణ కోసమే ప్రత్యేక విభాగం ఉంది. దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు. “ఇంటికి తీసుకెళ్ళండి” అని ఎవరైనా అంటే, “పాలియేటివ్ కేర్ ఎక్కడ దొరుకుతుంది?” అని తప్పక అడగండి.

ఆహారం, నీరు కూడా చికిత్సలాగా లెక్కవేసి ఆపేవి కావు. శరీరం వాటిని స్వీకరించగలిగినంతకాలం, గొట్టం ద్వారానైనా అందించడం సాధారణ సేవ అని 2004లోనూ 2007లోనూ తిరుసభ మళ్ళీ చెప్పింది. చివరి గంటల్లో శరీరం వాటిని తీసుకోలేనప్పుడు బలవంతం చేయనక్కరలేదు. పెదవులు తడపండి, ఒళ్ళు తుడవండి, పక్క మార్చండి, పేరు పెట్టి పిలవండి. స్పృహ లేదనుకున్నవారికి వినపడుతూ ఉండవచ్చు. కాబట్టి మంచం దగ్గర ఆస్తి తగాదాలు పెట్టుకోకండి.

మన గుంటూరులో 1920 నుండి వైద్యసేవ చేసిన ఆస్ట్రేలియా దేశపు డాక్టరు, మఠకన్య మేరీ గ్లౌరీ గారు 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. ఆమె కూడా చివరకు క్యాన్సర్‌తో బాధపడి 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. వైద్యం చేసేవారికీ ఒకనాడు ఆ మంచం తప్పదు. తన వంతు వచ్చినప్పుడు తనను ఎలా చూడాలని కోరుకుంటారో ఇవాళ రోగిని అలా చూడాలి.

బ్రెయిన్ డెత్, చట్టం

రెండు సంగతులు క్లుప్తంగా చెప్పుకోవాలి. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. కోమాలో ఉన్నవాడు బతికున్న మనిషి, కోలుకోవచ్చు కూడా. బ్రెయిన్ డెత్ అంటే మెదడు పూర్తిగా, తిరిగి రాని విధంగా ఆగిపోవడం. అది మరణమే, వెంటిలేటర్ వల్ల ఛాతీ కదులుతున్నా సరే. అవయవదానం కోసం దీన్ని 1994 నాటి చట్టం గుర్తించింది. నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. అప్పుడు యంత్రం తీయడంలో చంపడమన్న ప్రశ్నే లేదు. ఆ దుఃఖంలో అవయవదానానికి ఒప్పుకునే కుటుంబం చేసేది గొప్ప ప్రేమకార్యమని రెండవ జాన్ పాల్ పోపు గారు 2000లో ప్రశంసించారు.

ఇక చట్టం. 2018 మార్చి 9న మన సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేని స్థితిలో తనకు ఎటువంటి చికిత్స వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కును గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధృవీకరింపజేస్తే చాలు. చికిత్స ఆపే ముందు ముగ్గురేసి వైద్యులున్న రెండు బోర్డులు పరిశీలించాలి. కోర్టు దీన్ని పాసివ్ యూథనేసియా అన్నది. ఆ పేరు కింద ఆహారపు గొట్టం ఆపడం కూడా చేరుతుంది కనుక కాథలికులు పేరు చూసి ఒప్పుకోవడమో, కాదనడమో కాక, ఏమి రాస్తున్నారో చూసి రాయాలి. ఫలితంలేని, భారమైన చికిత్స వద్దని, నొప్పికి మందు, ఆహారం, నీరు, దేవద్రవ్యానుమానాలు కావాలని రాసుకోవడంలో అభ్యంతరం లేదు.

గురువును ఆలస్యంగా పిలవకండి

పూర్వం అవస్థాభ్యంగనం అనే పేరు వల్ల, తైలం పట్టుకుని గురువు వచ్చాడంటే పని అయిపోయినట్టే అన్న భయం మన ఇళ్ళలో పాతుకుపోయింది. రెండవ వాటికన్ మహాసభ ఈ భావాన్ని సరిదిద్దింది. 1972లో 6వ పౌలు పోపు గారు ఈ సంస్కారపు క్రమాన్ని నవీకరించారు. ఇది వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, బలాన్నిచ్చే సంస్కారం. తీవ్రమైన జబ్బు చేసినప్పుడు, పెద్ద ఆపరేషనుకు ముందు కూడా తీసుకోవచ్చు. గొట్టం వేశాక రోగి పాపసంకీర్తనం చేయలేడు, దివ్యసత్ప్రసాదం మింగలేడు. కాబట్టి గొట్టం వేయకముందే, మాట ఉండగానే కబురు పెట్టండి. స్పృహ లేకపోయినా అభ్యంగనం ఇవ్వవచ్చు. చేతులు శుభ్రం చేసుకొని, చెప్పినంతసేపే ఉంటానంటే చాలా ఆసుపత్రుల్లో గురువును లోపలికి పంపుతారు. ముందుగా నర్సుకు ఒక మాట చెప్పి ఉంచండి.

డాక్టరును ఏమి అడగాలి?

వరండాలో తికమక పడకుండా ఈ నాలుగు ప్రశ్నలు గుర్తుంచుకోండి. ఈ జబ్బు నయమయ్యేదా, లేక కొద్దికాలం మాత్రమే నెట్టగలమా? ఈ చికిత్స వల్ల ఏ మార్పు రావాలి, ఎన్ని రోజుల్లో రావాలి? బతికితే ఏ స్థితిలో బతుకుతారు? ఈ చికిత్స వద్దంటే బాధ లేకుండా చూడడానికి మీరేం చేస్తారు? రెండవ ప్రశ్న చాలా ఉపయోగపడుతుంది. “మూడు నాలుగు రోజులు ప్రయత్నించి చూద్దాం, మార్పు లేకపోతే మళ్ళీ కూర్చుని మాట్లాడదాం” అని వైద్యులతో ఒప్పుకోవచ్చు. మొదలుపెట్టిన చికిత్సను ఇక ఆపకూడదనే నియమం ఏదీ లేదు. ఇంటి తరఫున ఒక్కరే డాక్టరుతో మాట్లాడి తక్కినవారికి చెప్పడం మంచిది. నలుగురు అన్నదమ్ములు నాలుగు మాటలు చెబితే నలిగిపోయేది మంచం మీది మనిషే.

ఇటీవలి ఇద్దరు పోపు గార్ల చివరి రోజులు మనకు పాఠంగా ఉన్నాయి. రెండవ జాన్ పాల్ పోపు గారికి 2005 ఫిబ్రవరి 24న రోములోని జెమెల్లి ఆసుపత్రిలో శ్వాస కోసం గొంతు దగ్గర రంధ్రం చేసే శస్త్రచికిత్స జరిగింది. దాన్ని ఆయన కాదనలేదు. చివరకు స్థితి విషమించినప్పుడు మళ్ళీ ఆసుపత్రికి పోకుండా, ఏప్రిల్ 2న వాటికన్‌లోని తన గదిలోనే కన్నుమూశారు. ఫ్రాన్సిస్ పోపు గారు 2025లో రెండు ఊపిరితిత్తుల న్యుమోనియాతో అదే ఆసుపత్రిలో ఐదు వారాలకు పైగా ఉన్నారు. ముఖానికి మాస్కు అమర్చి యంత్రంతో శ్వాస అందించారు, ఆయన కోలుకొని బయటికి వచ్చారు. ఏప్రిల్ 21న సాంతా మార్తా నివాసంలోనే ప్రభువును చేరుకున్నారు. మేలు చేసినంతవరకు వైద్యాన్ని ఇద్దరూ కృతజ్ఞతతో అందుకున్నారు. సమయం వచ్చినప్పుడు దాన్ని పట్టుకొని వేలాడలేదు.

ప్రాణం దేవుడిచ్చినది కనుక దాన్ని కాపాడుకోవాలి. అది మన సొత్తు కాదు కనుక తీయకూడదు. ఆయన దగ్గరకే తిరిగి వెళ్ళేది కనుక, వెళ్ళవలసిన వేళ పట్టి లాగకూడదు. ఈ మూడు మాటలూ ఒకే విశ్వాసంలో నుండి వచ్చినవే.

ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. “నీకు జబ్బు ముదిరితే ఏం చేయమంటావు? ఎవరి మాట వినమంటావు? ఇంట్లో ఉండాలనుందా?” అని అడగడం అపశకునం కాదు. మీ అమ్మ తన నోటితో చెప్పిన ఒక్క మాట, రేపు ఆ కాగితం మీ చేతికి వచ్చినప్పుడు మీ మనస్సాక్షికి ఊతకర్ర అవుతుంది. సర్వేశ్వరుడు మీ ఇళ్ళలోని వ్యాధిగ్రస్తులకు ఓర్పును, వారిని చూసుకునే మీకు వివేకాన్ని దయచేయునుగాక.